యంత్రానికి ఆదేశం రాసే చేయి ఎవరిది?

వంటగది అల్మారా తలుపులకూ, రైల్వే తపాలా ఉద్యోగుల ఉద్యమానికీ ఏమి సంబంధమని పాఠక మిత్రులు ప్రశ్నించవచ్చును. సంబంధం రెండు విధాలుగా ఉన్నది. పదవీ విరమణనాడు చేతికందిన గ్రాట్యుటీలో కొంత తీసి సొంత ఇంటికి అల్మారాలు చేయించుకొనేవారు మనలో ఎందరో ఉన్నారు. వారి చేతికి వచ్చే బిల్లులో "ఎం.డి.ఎఫ్. తలుపులు, సి.ఎన్.సి. రౌటింగ్" అని చదరపు అడుగుల లెక్కన ఒక పద్దు కనిపిస్తుంది. ఇది మొదటి సంబంధం. ఆ పద్దు వెనుక ఒక వృత్తి మొత్తం రూపు మారుతున్నది. ఆ మార్పు మన సార్టింగు బల్లల దగ్గర, రిజర్వేషను కౌంటర్ల దగ్గర మనం చవిచూచిన మార్పే. ఇది రెండవ సంబంధం. కనుక ఈ తలుపు కథను కొంత వివరంగానే చెప్పుకొనవలసియున్నది.

ఎం.డి.ఎఫ్. అనగా మధ్యస్థ సాంద్రత గల నార పలక. కలపను ముక్కలుగా నరికి, ఆవిరితో మెత్తబరచి, నారగా విడదీసి, యూరియా-ఫార్మాల్డిహైడ్ వంటి జిగురు కలిపి, వేడిమితోనూ ఒత్తిడితోనూ పలకగా అదుముతారు. 1960వ దశకంలో అమెరికాలో దీని తయారీ వాణిజ్య స్థాయికి చేరినది. నేడు మన నేలమీద కూడా ఇది తయారవుతున్నది. శ్రీకాళహస్తి సమీపాన 2018లో ఒక భారీ కర్మాగారం ఉత్పత్తిని ఆరంభించినది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అనగా 2440 × 1220 మిల్లీమీటర్ల కొలతతో, 18 మిల్లీమీటర్ల మందం గల ఒక పలక సుమారు 40 కిలోల బరువు తూగుతుంది.

టేకు చెక్కకు నార వాటం ఉంటుంది. వాటానికి ఎదురు చిత్రిక పడితే చెక్క చిట్లిపోతుంది. ముడి ఎక్కడున్నదో, చెక్క ఏ ఋతువులో ఎంత ఉబ్బుతుందో వడ్రంగి చేతికి తెలియాలి. ఎం.డి.ఎఫ్.కు వాటమూ లేదు, ముడీ లేదు. కట్టరు ఏ దిశలో నడిచినా అది ఒకే రీతిగా తెగుతుంది. అందువల్లనే అది యంత్రానికి అనువైన పదార్థమైనది. పూర్వం నిలువు కమ్ములు రెండు, అడ్డ కమ్ములు రెండు, నడుమ దిలాసా ఒకటి, మొత్తం అయిదు ముక్కలను బందులు కోసి బిగిస్తే ఒక తలుపు అయ్యేది. ఇప్పుడు ఒకే పలకపై ఆ అయిదు ముక్కల ఆకృతిని చెక్కి, రంగు వేసి, లేదా పి.వి.సి. పొరను వేడితో అతికించి తలుపుగా నిలుపుతున్నారు. కంటికి బందు కనిపిస్తుంది. వాస్తవానికి బందు లేదు.

ఈ చెక్కుడు పనిని సి.ఎన్.సి. రౌటరు చేస్తుంది. సి.ఎన్.సి. అనగా కంప్యూటరు ద్వారా అంకెలతో నియంత్రించబడే యంత్రం. నిమిషానికి 18,000 నుండి 24,000 సార్లు తిరిగే కట్టరును అది ముందుకు వెనుకకు, ఎడమకు కుడికి, పైకి కిందికి నడిపిస్తుంది. ఎక్కడికి, ఎంత లోతుకు, ఎంత వేగంతో పోవలెనో చెప్పే ఆదేశాల జాబితా ముందుగానే సాఫ్ట్‌వేరులో తయారవుతుంది. తలుపు ఎత్తు, వెడల్పు ఇస్తే చాలు, అంచు నుండి ఇంత దూరంలో గాడి, మూలలో ఈ ఆకృతి అని మిగిలినదంతా తానే లెక్కగట్టుకొనే సాఫ్ట్‌వేర్లు నేడు చిన్న కార్ఖానాలకు సైతం అందుబాటులోకి వచ్చినవి.

ఇంతవరకు విన్నవారు ఇక మనిషితో పని ఏమున్నదని అనుకొనవచ్చును. యజమానులు అనేకులు కూడా ఆ విధంగానే అనుకొంటున్నారు. యంత్రానికి లక్షల రూపాయలు వెచ్చించినాము గనుక, మీట నొక్కడానికి తక్కువ జీతపు కుర్రవాడు చాలునని వారి భావన. అది ఎంత పొరపాటో కొన్ని చిన్న లెక్కలే తెలియజేయగలవు.

మొదటి లెక్క పలకపై తలుపుల అమరిక. గ్రాహకుడు 600 × 400 మిల్లీమీటర్ల తలుపులు కోరినాడనుకొందాము. 10 మిల్లీమీటర్ల కట్టరుతో నాలుగు తలుపులను పొడవున వరుసగా పేర్చితే, వాటి చుట్టూ అయిదు కోతలు పడతాయి. నాలుగు ఆరువందలు 2400, కోతలకు 50, మొత్తం 2450. పలక పొడవు 2440 మాత్రమే. పది మిల్లీమీటర్ల తేడాతో వరుస తప్పిపోతుంది. అదే తలుపు 590 × 390 అయితే పొడవున నాలుగు, వెడల్పున మూడు, మొత్తం పన్నెండు తలుపులు ఒకే పలకలో ఇముడుతాయి. పలకలో దాదాపు 93 శాతం తలుపుగా మారుతుంది. సాఫ్ట్‌వేరు తనకిచ్చిన కొలతలను చక్కగా పేర్చగలదు. కానీ అల్మారా డబ్బాను పది మిల్లీమీటర్లు తగ్గించుకొంటే ఇంటివారికి లోటు ఉండదు, పలక మిగులుతుంది అని డబ్బా కొలత తీసే దశలోనే సలహా ఇవ్వగలవాడు పని తెలిసిన వడ్రంగి.

రెండవ లెక్క కట్టర్ల వరుస. అలంకారపు తలుపు ఒక్క కట్టరుతో పూర్తి కాదు. నడిమి భాగాన్ని పల్లం చేయడానికి వెడల్పాటి కట్టరు ఒకటి, అంచున వంపు తీర్చడానికి ఆకృతి కట్టరు ఒకటి, మూలలను పదునుగా తేల్చడానికి కోసుగా ఉండే కట్టరు ఒకటి, చివరకు తలుపును పలక నుండి విడదీయడానికి మరొకటి, వెరసి నాలుగు కావలెను. గుండ్రంగా తిరిగే కట్టరు లోపలి మూలను గుండ్రంగానే వదలుతుంది. కోసు కట్టరును మూల సమీపిస్తున్నకొద్దీ మెల్లగా పైకి లేపితే, దాని సన్నని మొన మూలలోనికి చొచ్చుకొనిపోయి ఉలితో తేల్చినట్టి గీతను ఇస్తుంది. ఉలి పట్టి మూల తేల్చినవానికి ఈ కదలిక ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

పన్నెండు తలుపులను ఒక్కొక్కటిగా పూర్తిచేస్తూ పోతే కట్టరును 48 సార్లు మార్చవలసివస్తుంది. ఒకే కట్టరుతో పన్నెండు తలుపులలోని ఆ పనినంతా ముగించి, అటుపిమ్మట రెండవ కట్టరు తగిలిస్తే నాలుగు మార్పులు చాలును. మార్పుకు 15 సెకనులనుకొన్నా మొదటి పద్ధతికి 12 నిమిషాలు, రెండవదానికి ఒక్క నిమిషం. రోజుకు పది పలకలు నడిచే కార్ఖానాలో ఇది 110 నిమిషాల ఆదా, అనగా ఒక గంటా యాభై నిమిషాలు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాను. దీనివద్దకు మళ్ళీ రావలసియున్నది.

ఈ సూత్రం మనకు కొత్త కాదు. పోస్టుమాన్ బీటుకు బయలుదేరే ముందు ఉత్తరాలను వీధి వరుసలో, ఇంటి వరుసలో సర్దుకొంటాడు. యార్డులో షంటింగు సిబ్బంది ఏ స్టేషనులో ఏ వ్యాగను విడిపోవలెనో ఆ వరుసలో బండిని కూర్చుతారు. బయలుదేరక ముందు వెచ్చించిన పావుగంట దారిలో రెండు గంటలను మిగుల్చుతుంది. రౌటరు విషయంలోనూ కట్టరు పలకను తాకక ముందే సామర్థ్యంలో అధికభాగం నిర్ణయమైపోతున్నది.

మూడవ లెక్క వేగం. కట్టరు నిమిషానికి 18,000 సార్లు తిరుగుతూ, దానికి రెండు పళ్ళుండి, ఒక్కొక్క పన్ను 0.25 మిల్లీమీటర్ల మందాన పొట్టు తీయవలెనంటే, అది నిమిషానికి 9 మీటర్లు నడవవలెను. అనుభవం లేని కుర్రవాడు భయపడి దానిని మూడు మీటర్లకు తగ్గిస్తాడు. నిదానంగా పోతే పని నాణ్యంగా ఉంటుందని అతని ఊహ. జరిగేది వేరు. ఒక్కొక్క పంటికి 0.08 మిల్లీమీటర్ల పొట్టు మాత్రమే దక్కుతుంది; కట్టరు కోయడం మాని రాచుకొంటుంది; వేడెక్కి మొండిబారుతుంది; పొట్టు రావలసినచోట పిండి వంటి దుమ్ము లేస్తుంది. జిగురుతో బిగిసిన ఈ పలక అసలే కట్టరును త్వరగా అరగదీస్తుంది. కట్టరు శబ్దం మారినదని చెవితో పట్టగలవాడు యంత్రం పక్కన లేకుంటే, ఆ నష్టం మధ్యాహ్నానికి గాని బయటపడదు.

నాలుగవది పలక పట్టు. పలకను బల్లపై వాక్యూమ్ పీల్పుతో పట్టి ఉంచుతారు. పెద్ద తలుపు కదలదు. చిన్న సొరుగు ముఖం మాత్రం చివరి కోతలో జారి పాడవుతుంది. అందుచేత చివరి కోతలో ఉల్లిపొర మందాన అడుగును మిగిల్చి, చిన్న ముక్కలను ముందుగా ముగించి, తుది చుట్టులో ఆ పొరను తెంచవలెను. ఇది సాఫ్ట్‌వేరులో ఒక గడిలో నింపే అంకె. ఏ పనికి ఏ అంకె నింపవలెనన్నది మాత్రం చెడిన తలుపులను కళ్ళారా చూచినవానికే తెలుస్తుంది.

అయిదవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ పలక పైపొర గట్టిది, లోపలి నార వదులుది. చెక్కిన గాడిలో ఆ వదులు నార బయటపడి రంగును పీల్చుకొంటుంది. గరుకు కాగితంతో రుద్ది, సీలరు పూసి, మరల రుద్దితే గాని నునుపు రాదు. రౌటరు కొద్ది నిమిషాలలో ముగించిన తలుపుపై గరుకు కాగితం పట్టిన మనిషి అంతకు అనేక రెట్ల కాలం కూర్చోవలసివస్తుంది. యంత్రం మీద ఒక నిమిషం ఎక్కువ తీసుకొని, పదునైన కట్టరుతో తుది చుట్టు శుభ్రంగా నడిపితే, రుద్దుడు పని చాలావరకు తగ్గుతుంది. యంత్రం గంటలను మాత్రమే లెక్కవేసే యజమానికి ఆ ఒక్క నిమిషం నష్టంగా తోస్తుంది. ఎందుకంటే రుద్దే స్త్రీల, కుర్రవాండ్ర కూలి అతని దృష్టిలో చౌక. చౌక శ్రమ ఉన్నచోట దాని వృథా లెక్కకు రాదు. ఇది మన దేశంలో ప్రతి పరిశ్రమకూ వర్తించే సత్యం.

పై అయిదు లెక్కలూ ఒక విషయాన్నే చెబుతున్నవి. యంత్రం సామర్థ్యం దాని ఆదేశాలలో ఉన్నది. ఆ ఆదేశాల మంచిచెడ్డలు పని తెలిసినవాని జ్ఞానంలో ఉన్నవి. కాగా ప్రశ్న ఇది: ఆదేశాలు రాసే చేయి ఎవరిది?

ఈ ప్రశ్న యంత్రం పుట్టినప్పుడే పుట్టినది. అమెరికా వైమానిక దళం ధన సహాయంతో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అంకెల నియంత్రణ గల యంత్రాన్ని 1952లో ప్రదర్శించినారు. దానికి ముందే వేరొక పద్ధతి కూడా ఉండేది. నిపుణుడైన కార్మికుడు మొదటి వస్తువును స్వయంగా తయారుచేస్తుండగా అతని చేతి కదలికలు టేపుపై నమోదయ్యేవి; ఆపైన యంత్రం వాటినే తిరిగి నడిపేది. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండు మార్గాలనూ పోల్చి చూపినాడు. మొదటి మార్గం విజయం సాధించడానికి సాంకేతిక కారణాలు మాత్రమే చాలవనీ, పనిపై పెత్తనాన్ని కార్మికుని బల్ల నుండి ఆఫీసు గదికి తరలించవలెనన్న యాజమాన్యాల కోరిక కూడా అందులో పనిచేసినదనీ ఆయన వాదన. నాడు విమాన భాగాల దగ్గర జరిగినది నేడు వంటగది తలుపు దగ్గర జరుగుతున్నది.

మనకు ఇది పుస్తకజ్ఞానం కాదు. ఏ ఊరు ఏ తపాలా మార్గంలో ఉన్నదో, ఏ సంచి ఏ బండికి ఎక్కవలెనో ఆర్.ఎం.ఎస్. సార్టరు తలలో ఒక భూగోళమే ఉండేది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చి ఆ భూగోళంలో కొంత ఆరు అంకెలలోకి చేరినది. 1993లో నేటి ముంబయిలోనూ, 1996లో చెన్నైలోనూ ఉత్తరాలను యంత్రాలు విభజించసాగినవి. 1980వ దశకం మధ్యలో రైలు రిజర్వేషను కంప్యూటరుకు మారినప్పుడు కౌంటరు గుమాస్తా లావుపాటి చార్టులు మాయమైనవి. ఈ మార్పులు ప్రజలకు మేలు చేసినవి. ఆ మాట ఒప్పుకొనక తప్పదు. అయితే ప్రతి సందర్భంలోనూ సంఘం అడిగిన ప్రశ్నలు ఇవే: ఉన్న సిబ్బందికి శిక్షణ ఇస్తారా? మిగిలిన కాలాన్ని పోస్టుల కోతకు వాడతారా, పనిభారం తగ్గించడానికి వాడతారా? సంఘటిత శక్తి ఉన్నది కనుక మనం ఈ ప్రశ్నలను బల్లమీద పెట్టి అడగగలిగినాము. అల్మారా తలుపు చేసే వడ్రంగికి ఆ బల్ల లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణను నిజాయితీగా పరిశీలించవలెను. చిన్న కార్ఖానా యజమాని కూడా బ్యాంకు అప్పుతో యంత్రం కొన్నవాడే. నెలవారీ వాయిదా కట్టలేక నిద్రపట్టనివాడే. అతనిని బడా పెట్టుబడిదారునితో సమానంగా చూడడం న్యాయమా అని కొందరు అడుగుతారు. మరొక మాట కూడా ఉన్నది: ఉలి పట్టిన నడివయసు వడ్రంగి కంప్యూటరు తెర ముందు కూర్చుని నేర్వగలడా అని. మొదటిదానికి నా సమాధానం: అతని వాయిదాను తీర్చేది మీట నొక్కే చేయి కాదు, పలక మిగిల్చే బుద్ధి. పలకకు పన్నెండు తలుపులు రావలసినచోట తక్కువ తీసి, కట్టర్లు విరగగొట్టుకొని, గ్రాహకుడు తిప్పి పంపిన తలుపులను గోడకు చేర్చిన కార్ఖానా కూలి తగ్గించి బతకలేదు. పని తెలిసినవానికి ఇచ్చే మంచి జీతం అతనికి కూడా లాభమే. రెండవదానికి సమాధానం మన శాఖల చరిత్రలోనే ఉన్నది. చేతిరాత లెడ్జర్లతో జీవితం గడిపిన పోస్టల్ అసిస్టెంట్లు, వయసు మళ్ళిన తరువాత కూడా, కంప్యూటరు నేర్చుకొన్నారు. సమయం, శిక్షణ, కొంత ఓర్పు లభిస్తే వడ్రంగి నేర్వకపోవడానికి కారణం లేదు. కొలత, వాటం, కోత అతనికి ముందే తెలిసినవి. కొత్తగా నేర్వవలసినది భాష మాత్రమే.

ఇక దుమ్ము సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య దుమ్మును 1995లోనూ, ఫార్మాల్డిహైడును 2004లోనూ మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. ఎం.డి.ఎఫ్. కోసేచోట కొయ్య దుమ్ముకు ఆ జిగురు కూడా తోడవుతుంది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవడం రక్షణ కాజాలదు. దుమ్ము పుట్టినచోటనే, కట్టరు చుట్టూ అమర్చిన గొట్టంతో దానిని పీల్చివేయవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను కూడా దుమ్ము పుట్టేచోటుకు సాధ్యమైనంత దగ్గరగా పీల్పు సాధనం ఉండవలెననే చెప్పినది. ఆ చట్టం ప్రకారం విద్యుచ్ఛక్తితో నడిచేచోట 10 మంది కార్మికులుంటే అది కర్మాగారం. ఆ స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి, 2020, ఆ సంఖ్యను 20కి పెంచినది. రౌటరు పెట్టుకొని పన్నెండుగురితోనో పదిహేనుగురితోనో నడిచే కార్ఖానా ఈ కొత్త నిర్వచనంలో కర్మాగారం కాకుండా పోయినది. యంత్రం వచ్చినకొద్దీ మనుషులు తగ్గుతారు. మనుషులు తగ్గినకొద్దీ చట్టం దూరమవుతుంది. ఇంత పదునైన దుమ్ము లేచేచోట తలల లెక్కతో రక్షణను కొలవడం ఏమి న్యాయం?

కావున కార్మికోద్యమం కోరవలసినవి స్పష్టంగా ఉన్నవి. రౌటరు పెట్టే ప్రతి కార్ఖానాలో ఉన్న వడ్రంగులకే మొదట సాఫ్ట్‌వేరు శిక్షణ ఇవ్వవలెను. ఆ శిక్షణ కాలానికి కూలి చెల్లించవలెను. ఐ.టి.ఐ. వడ్రంగి కోర్సు పూర్తిచేసే ప్రతి విద్యార్థీ రౌటరుకు ఆదేశాలు రాయగలిగియుండవలెను. ఆదేశాల జాబితాను సరిచూచే, మార్చే అధికారం యంత్రం పక్కన నిలిచినవానికి ఉండవలెను. దుమ్ము పీల్చే సాధనం లేని రౌటరును, అక్కడ పనిచేసేది ఇద్దరైనా సరే, నడపనీయరాదు. చదరపు అడుగు రేటు తగ్గించే ముందు ఆదా అయిన కాలంలో కార్మికుని వాటా ఎంతో తేల్చవలెను.

మనవంతు కూడా ఒకటి ఉన్నది. మన ఇంటికి తలుపులు చేయించుకొనేటప్పుడు రేటు ఒక్కటే బేరమాడి ఊరుకొనరాదు. మీ కార్ఖానాలో దుమ్ము పీల్చే గొట్టమున్నదా, కోత లెక్క రాసినది ఎవరు అని కూడా అడుగుదాము. గ్రాహకుడు అడిగే ప్రశ్నకు యజమాని చెవి ఒగ్గుతాడు. ఆ ప్రశ్నతో ఆ వడ్రంగికి మనం ఖర్చులేని సంఘీభావం ప్రకటించినవారమవుతాము.

ముందు గుర్తుంచుకొనమని కోరిన అంకె వద్దకు వద్దాము. కట్టర్ల వరుసను సరిచేసినందువల్ల రోజుకు 110 నిమిషాలు మిగిలినవి. ఆ నిమిషాలను సృష్టించినది ఇనుము కాదు. ఒక మనిషి ఆలోచన. అందులో కొంత యజమాని వాయిదాకు పోనివ్వండి, కొంత గ్రాహకుని బిల్లులో తగ్గనివ్వండి. కొంత మాత్రం ఆ మనిషి సాయంకాలంగా మారవలెను. దుమ్ము దులుపుకొని, వెలుతురుండగానే ఇల్లు చేరి, పిల్లలతో కూర్చునే సాయంకాలంగా మారవలెను. ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించుకొన్న ఉద్యమానికి ఈ నిమిషాల లెక్క చిన్నది కాదు.